మీ నాన్నకి చెప్పవయ్యా

నిన్న సాయంత్రం ఉరిమింది. చేతిలో కాఫీ గ్లాసు ఉండగానే నా నోరు దానంతటదే "అర్జునా, ఫల్గుణా" అంది. పక్కన ప్లాస్టిక్ సుత్తితో ఆడుతున్న మనవరాలు "ఉరుములు థోర్‌వి అమ్మమ్మా, అర్జునుడివి కాదు" అని నన్ను దిద్దింది. ఓసి నీ దుంపతెగ! ఆ థోర్‌ని మీ అమ్మ పుట్టకముందే మా బాబాయి తెచ్చి మా ఇంట్లో కూర్చోబెట్టాడే అనుకున్నాను.

అరవైల్లో తెనాలిలో బాబాయీ పిన్నీ మాతోనే ఉండేవాళ్లు. బాబాయి కాలేజీలో సంస్కృతం చెప్పేవాడు. వేదాల్లో దేవుళ్లూ, ఎక్కడో మంచుదేశాల దేవుళ్లూ ఒకే తాత మనవలని ఆయన పిచ్చి. పప్పులో ఉప్పు తక్కువైందన్నా ఆ మాట తిరిగి తిరిగి ఇంద్రుడి దగ్గరే తేలేది. ఇంద్రుడికి వజ్రాయుధం, థోర్‌కి సుత్తి. ఇద్దరూ ఉరుముల దేవుళ్లే, ఇద్దరికీ పెద్ద పాముతోనే పోట్లాట. మనవాడు నీళ్లకి అడ్డంపడ్డ పాము వృత్రుణ్ణి చంపి ఆ నీళ్లు వదిలాడు, లోకం బతికింది. అక్కడ థోర్ పామును చంపి, దాని విషానికి తానూ చచ్చిపోయాడు. సముద్రం లేచి భూమిని మింగేసింది. "మన కథే నయం కదుటే" అని మురిసిపోయేవాడు బాబాయి. వినీ వినీ పిన్ని తనకి కావలసింది ఏరుకుంది. అర్జునుడు ఇంద్రుడి కొడుకని తెలిశాక, ఉరిమినప్పుడల్లా "అర్జునా, ఫల్గుణా, మీ నాన్నకి చెప్పవయ్యా" అనేది. మేం పడీపడీ నవ్వేవాళ్లం.

డెబ్భైల్లో, ఉప్పెన వచ్చిన ఏడు, రేపల్లె అవతల సముద్రం దగ్గరి పల్లెలో వాళ్లమ్మకి జ్వరమని పిన్ని బయల్దేరింది. స్టేషన్‌కి బాబాయితో నేనూ వెళ్లాను. ఆకాశం కాటుకలా ఉంది. ఒక్క ఉరుము ఉరిమేసరికి పిన్ని రైలు మెట్టు మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, "రేపెళ్తానండీ, భయంగా ఉంది" అంది.

"పిచ్చిదానా, మన ఇంద్రుడు నీళ్లిచ్చేవాడే గానీ ముంచేవాడు కాదు. ఎక్కు" అని నవ్వుతూ సంచీ అందించాడు బాబాయి. రేపల్లె బండి కదిలింది.

మర్నాడు సముద్రం ఊళ్ల మీద పడింది. బాబాయి ఆ బురదలో, శవాల మధ్య, రోజుల తరబడి వెతికాడు. పిన్ని దొరకలేదు. ఆయన తిరిగొచ్చిన కొన్ని నెలలకి ఇద్దరం వసారాలో కూర్చుని ఉండగా ఉరిమింది. పాత అలవాటున "అర్జునా" అనేసి నాలిక్కరుచుకున్నాను. ఆయన ఆకాశంకేసి చూశాడు.

"వాళ్ల కథే నయమే అమ్మాయ్. ఊళ్లు మునిగిన రోజున వాళ్లవాడు కూడా చచ్చాడు. మనవాడు ఇంకా ఉన్నాడు."

ఆ తర్వాత ఆయన నోట ఏ దేవుడి పేరూ వినలేదు.

నిన్న మనవరాలికి ఇదేమీ చెప్పలేదు. "అవునే తల్లీ, థోర్‌వే" అని ఒప్పేసుకున్నాను. పిన్ని పోయిన వయసు దాటాను, బాబాయి పోయిన వయసూ దాటాను. ఇన్నేళ్లుగా ప్రతి ఉరుముకీ ఆ రెండు పేర్లూ పలుకుతూనే ఉన్నాను. పిన్ని చేర్చిన ఆ చివరి మాట మాత్రం ఇప్పటికీ గొంతు దాటి రాదు.