జాగారం మర్నాటి మిల్లు

ఎండకు వేడెక్కిన పత్తి కుప్పల పక్కన నడుస్తుంటే గింజల నూనె, ఎండుటాకులు కలిసిన వాసన వస్తుంది. ఈ ఉదయం అది ముక్కుకు తగలగానే ఖాజా కాక గుర్తొచ్చాడు. మక్తల్ దగ్గరి జిన్నింగ్ మిల్లులో నేను పనికి కుదిరినప్పుడు ఆయనే మా మేస్త్రీ. పత్తి నుంచి గింజను వేరుచేసే మిషన్లకు పత్తి అందించడం మా ఆడవాళ్ల పని. ఆ రోలర్లకు చేతికీ దూదికీ తేడా తెలియదు. అందుకే కాక రోజూ మా ముఖాలు పరీక్షగా చూసి, "తిన్నరా" అనడానికి ముందే "పండుకున్నరా" అని అడిగేవాడు. ఇదేం చాదస్తమని మేం నవ్వుకునేవాళ్లం.

ఓ శివరాత్రికి తెల్లవార్లూ భజనలో కూర్చుని, మర్నాడు ఉపవాసం విడిచి, నేరుగా మిల్లుకు వచ్చాం. జాగారం చేసినవాళ్లు పొద్దు గూకేదాకా కన్ను మూస్తే పుణ్యం దక్కదని మా అవ్వ మాట. కాక మిషన్లు నడపనన్నాడు. మమ్మల్ని కుప్ప దగ్గర కూర్చోబెట్టి చెత్త ఏరమన్నాడు. అంతలో సేటు వచ్చాడు.

"బయట లారీలు ఆగినయ్. మిల్లెందుకు బందున్నది ఖాజా?"

"వీళ్లు రాత్రంత నిద్రవోలే సేటూ. చెయ్యి పోతే మల్ల తేలేం."

నాకు రోషం వచ్చింది. "నాకేం నిద్ర వస్తలేదు కాకా! మిషన్ నడుపు," అన్నాను. వాళ్లిద్దరూ వాదించుకుంటున్నారు. తర్వాత నాకు తెలిసింది పక్కవాళ్ల నవ్వులే. నిద్ర సుఖమెరుగదంటారు కదా, చేతిలో పత్తి చేతిలోనే ఉండగా కుప్పలోకి ఒరిగిపోయానట. సేటు నన్ను కాసేపు చూసి, "మాపటికి నడుపుర్రి," అని వెళ్లిపోయాడట. నా పుణ్యం ఏమైందో గానీ ఆ రోజు అందరి చేతులూ క్షేమంగా ఇళ్లకు చేరాయి.

అసలు పాఠం రంజాన్ నెలలో నేర్చుకున్నాను. కాక నన్ను పిలిచి స్విచ్చి దగ్గర నిలబెట్టాడు. "తెల్లారకముందే సహరీ తినేటందుకు లేస్తున్న, నిద్ర సాలుతలేదు బిడ్డా. రోజా ఇడిసేదాంక నన్ను మిషన్ బెల్టు కాడికి రానియ్యకు," అన్నాడు. మధ్యాహ్నం బెల్టు కీచుమనగానే అలవాటు కొద్దీ అటు నడిచాడు. అంత పెద్దమనిషిని ఆపడమెలా? అయినా స్విచ్చి ఆపేసి, "కాకా, ఎనకకు రా!" అని అరిచాను. మిల్లంతా తిరిగి చూసింది. ఆయన చటుక్కున ఆగి వెనక్కి వచ్చాడు. కోపం లేదు, చిన్నబుచ్చుకోవడం లేదు. "శెభాష్ బిడ్డా," అని గోడవారన కూర్చున్నాడు. నాకు ఆ క్షణంలో ఆయన మీద కలిగిన గౌరవం ఇంకెప్పుడూ ఎవరి మీదా కలగలేదు.

ఆయన పోయి కొన్నేళ్లయింది. ఇప్పుడు ఆ మిల్లులో మేస్త్రీని నేనే. మొన్న మనవరాలికి జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని పనికి వచ్చాను. మిషన్ దగ్గరికి వెళ్తుంటే నిరుడే చేరిన శిరీష అడ్డం నిలబడింది. భయపడుతూనే చెయ్యి అడ్డం పెట్టింది.

"అక్కా, సోలుతున్నవ్. పక్కకు జరుగు."

జరిగాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.