ఆరుగురికి ఎదురు వినిఫ్రెడ్ ఓక్స్

జస్టిస్ వినిఫ్రెడ్ ఓక్స్ ఎవరేమన్నా ఒప్పుకునేది కాదు. మా దేశంలో రాష్ట్రానికో సుప్రీంకోర్టు ఉంటుంది; మా రాష్ట్రం కోర్టులో న్యాయమూర్తులు ఏడుగురు. ఆరుగురు ఔనంటే ఆవిడ కాదనేది. తీర్పు ఒక పేజీ అయితే ఆవిడ అసమ్మతి తొమ్మిది పేజీలు. పదిహేడేళ్లు అవన్నీ టైపు చేసి నా వేళ్లు అరిగిపోయాయి.

తిండి దగ్గరా అంతే. ప్రధాన న్యాయమూర్తి పెల్హామ్ ఒకసారి అందరికీ చెర్రీపళ్లు పెట్టి కాల్చిన 'పై' అనే తీపి వంటకం తెప్పిద్దామన్నారు.

"నేను విభేదిస్తున్నాను," అంది.

"అదేంటి విన్నీ, నీకు చెర్రీ అంటే ప్రాణం కదా!"

"ప్రాణమే. కానీ ఇక్కడ ఆపిల్ తరఫున మాట్లాడే దిక్కు లేదు."

పెల్హామ్ తల పట్టుకుని రెండూ తెప్పించారు. ఆవిడ మాత్రం చెర్రీయే తింది.

ఆవిడ రిటైరై ఆరేళ్లయింది. ఇప్పుడు మా తీర్పులన్నీ ఏకగ్రీవమే. కోర్టు హాయిగా ఉంది, నాకే బెంగగా ఉంది. మరీ బెంగ పుట్టినప్పుడు హోయ్ట్ కేసు గుర్తు చేసుకుంటాను.

డెల్బర్ట్ హోయ్ట్ ఖైదీ. లాయరు లేక పెన్సిలుతో తనే అప్పీలు రాసుకున్నాడు. జైలు టపా ఆలస్యమై, గడువు దాటిన మర్నాడు మాకు చేరింది. చదవకుండానే కొట్టేద్దామన్నారు ఆరుగురూ.

"ఒక్క రోజయ్యా పెల్హామ్! మనిషి చెప్పుకునేది వినమని రాజ్యాంగం చెప్పిందా లేదా?"

"గడువు గడువే విన్నీ. ఇవాళ ఒక్క రోజంటావు, రేపు ఒక్క నెలంటావు."

హోయ్ట్ ఓడిపోయాడు. ఆవిడ పదకొండు పేజీలు రాసింది. నాకు ఒళ్లు మండింది.

"ఓడిపోయాక ఇంత రాత దేనికి మేడమ్? ఎవరు చదువుతారు?"

"హోయ్ట్ చదువుతాడు. కవర్లో ఎప్పటిలాగే నా కాగితాలు పైన పెట్టు లోయిస్, తీర్పు కింద పెట్టు. తన గోడు ఒక్కరైనా పూర్తిగా విన్నారని ముందు తెలియాలి. ఓడిన సంగతి తర్వాత తెలిస్తే కొంపలేం మునగవు."

అన్నేళ్లూ ఆ కవర్లు అంటించింది నేనే. అది ఆవిడ చాదస్తమనుకున్నాను. సిగ్గేసింది.

మూడు వారాలకి హోయ్ట్ దగ్గర్నుంచి జాబొచ్చింది.

"జడ్జమ్మగారూ, మీరు రాసిందంతా మా బ్లాకులో అందరికీ చదివి వినిపించా. అందరూ మీ వైపే. ముసలి ఆంబ్రోస్ ఒక్కడే నాలుగో పేజీ ఒప్పుకోనంటున్నాడు. ఆయన అసమ్మతి రెండు పేజీలు జతచేశా."

ఆవిడ ఆ రెండు పేజీలూ రెండుసార్లు చదివింది. కళ్లజోడు తీసి, పొట్ట చేత్తో పట్టుకుని నవ్వింది.

"ఆంబ్రోస్ చెప్పిందే రైటు లోయిస్!"

ఆవిడ ఇంకొకరి మాట ఒప్పుకోగా నేను చూసింది ఆ ఒక్కసారే. ఆ నవ్వు ఇంకోసారి వినాలని ఉంది.