మెయిన్ ఆపినా ఆగని కరెంటు

మూడు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. చివరికి నేనే వెళ్తే, మా డాబా మీద సోలార్ పలకలు బిగించిన కంపెనీ ఆఫీసులో కూర్చోమని కూడా అనలేదు. ఎదురుగా రెండు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లారీల వైరింగు చేసినవాణ్ణి. బ్యాటరీ తీగల్ని వట్టి చేత్తో పట్టుకోవడం అక్కడ మాకందరికీ అలవాటు. ఇంటికొచ్చే ఏసీ కరెంటంటే భయం, బ్యాటరీ ఇచ్చే డీసీ అంటే చులకన. లారీ బ్యాటరీ ఇరవైనాలుగు వోల్టులే కాబట్టి బతికిపోయామనీ, అది డీసీ మంచితనం కాదనీ మాకెవరూ చెప్పలేదు.

పోయిన వేసవిలో కోతులు తీగల పైపు విరగ్గొట్టి, పలకల నుంచి వచ్చే తీగలు రెంటినీ కొరికాయి. కింద మెయిన్ ఆపి, టేపు చుడదామని మిట్టమధ్యాహ్నం పైకెళ్ళాను. రాగి బయటపడ్డ చోట తీగలు ఒకదానికొకటి తగిలాయి. విడదీయబోతే వాటి మధ్య మంట సాగింది, ఆరలేదు. ఎవరో తోసినట్టు వెనక్కి పడ్డాను. మూడు వేళ్ళు కాలాయి. మెయిన్ ఆపినా సరే, ఎండ ఉన్నంతసేపూ ఆ తీగల్లో మూడొందల వోల్టుల పైనే ఉంటుందని తర్వాత తెలిసింది.

ఆ ఆఫీసులో మేనేజరు నా వేళ్ళ మచ్చలు చూసి నవ్వాడు. “డీసీయే కదండీ. ఏసీ అయితే పట్టుకుని వదలదు గానీ, ఇదేం చేస్తుందండీ? మీరు ఎలక్ట్రీషియన్ అయ్యుండి కూడా...” అన్నాడు. సగంలో మింగిన ఆ మాట నాకింకా గుర్తుంది.

ఏసీ కండరాల్ని బిగబట్టేస్తుంది, తక్కువ కరెంటుతోనే గుండె లయ చెడగొడుతుంది. ఒప్పుకుంటాను. కానీ అది క్షణక్షణం దిశ మార్చుకుంటూ మధ్యలో సున్నా అవుతుంది కాబట్టి, దాని మంట ఆరడానికి సందు దొరుకుతుంది. డీసీకి ఆ సందు లేదు. అంత వోల్టేజీలో అదీ మాంసాన్ని కాలుస్తుంది, గుండెనూ ఆపగలదు.

తర్వాత కంపెనీ మనిషి వచ్చి కొత్త పైపు వేశాడు. కింది తీగల్లోకి కరెంటు దిగకుండా పలకల పక్కనే ఒక స్విచ్చు పెట్టమంటే ఆర్డర్లో లేదన్నాడు. మా ఆవిడ వారానికోసారి ఆ పలకలు కడుగుతుంది. వద్దంటే, “మెయిన్ కట్టేశాగా, ఇంకేంటండీ మీ చాదస్తం?” అంటుంది. మెయిన్ ఆపితే చాలని బిగించిన రోజున ఆమెకు చెప్పింది ఆ కంపెనీ మనిషే.

కంపెనీవారూ, నాకు మీ క్షమాపణలు అక్కర్లేదు. ఆ స్విచ్చు ఏ రోజు పెడతారు? అప్పటిదాకా ఆవిడ ప్రాణానికి ఎవరు పూచీ? సంతకం పెట్టి జవాబివ్వండి.