చలికాలానికి ఆయన సిద్ధం చేసిన బండి

నాకు రాయడం సరిగా రాదండి. ఐదో తరగతితో బడి మానేశాను. ఏ అక్షరానికి ఒత్తు పడుతుందో, ఎక్కడ దీర్ఘం తియ్యాలో ఇప్పటికీ తడుముకుంటాను. వేరేవాళ్ళు చదవడానికని రాయడం ఇదే మొదటిసారి, లోపల గుబులుగానే ఉంది. మాటలు ముందూ వెనకా అయినా ఏమీ అనుకోకండి. ఇది మా ఆయన గురించి, ఆయన నాకోసం సిద్ధం చేసిన బండి గురించి.

మేము ఉండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మా ఆడపడుచు వేసిన వీసా కాగితాల మీద నడివయసు దాటాక వచ్చాం. పిల్లలు లేరు. మన దేశంలో మా ఆయన లారీ తోలేవారు. ఇక్కడ ఒక ఇండియన్ స్టోర్‌కి సరుకులు తెచ్చే వ్యాను తోలారు. నేను అదే స్టోర్ వెనక వంటగదిలో చపాతీలు, కూరలు చేస్తాను. ఆయనకి వ్యాపారులతో మాట్లాడి మాట్లాడి ఇంగ్లీషు పట్టుబడింది. నాకు రాలేదు. ఫోన్ మోగితే ఆయనే ఎత్తేవారు.

వచ్చిన మొదటి చలికాలం ఇద్దరం చెరో తెలివితక్కువ పని చేశాం. ఆయన మన ఊళ్ళో పోసినట్టే వైపర్ నీళ్ళ డబ్బాలో కుళాయి నీళ్ళు పోశారు. అవి గడ్డకట్టి డబ్బా చీలిపోయింది. నేను అద్దం మీద మంచు కరుగుతుందని పొయ్యి మీద నీళ్ళు మరిగించి తెచ్చి పోశాను. అద్దం ఈ చివర్నుంచి ఆ చివరికి పగిలింది.

"కాస్త కాఫీ పొడి కూడా వెయ్యకపోయావా, ఇద్దరం తాగేవాళ్ళం," అన్నారాయన.

"మీ డబ్బా సంగతి చూసుకోండి ముందు," అన్నాను నేను.

ఆ తర్వాత ఆయన ఒక్కొక్కటీ నేర్చుకున్నారు. ప్రతి ఏడూ చలి రాకముందే బండిని పెళ్ళికూతురిలా తయారు చేసేవారు. నన్ను మాత్రం స్టీరింగ్ ముట్టుకోనిచ్చేవారు కాదు. నాకూ ఆ అవసరం ఉండేది కాదు.

షుగరు ముందు ఆయన కిడ్నీలని పాడుచేసింది. సోమ, బుధ, శుక్రవారాలు పక్క ఊరు నోవైలో డయాలసిస్. తనే తోలుకుంటూ వెళ్ళి, మిషన్ దగ్గర కూర్చుని రక్తం శుభ్రం చేయించుకుని, మళ్ళీ తనే తోలుకుంటూ వచ్చేవారు. తర్వాత షుగరు కళ్ళని పట్టుకుంది. ఇక మీరు బండి నడపకూడదని కంటి డాక్టర్ చెప్పిన రోజు, ఇంటికొచ్చి తాళాలు టీవీ పక్కన పెట్టి పడుకున్నారు. నా చేతికి ఇవ్వలేదు. నేనే తీసుకున్నాను.

ఆ వేసవిలో మా ఆడపడుచు నాకు డ్రైవింగ్ నేర్పింది.

"వదినా, నువ్వు బ్రేక్ తొక్కితే నా మెడ పట్టేస్తోంది. ఇంకో వారం ఇలాగే అయితే నాకు పట్టీ వేయిస్తారు."

"మీ అన్నయ్య లారీలో తిరిగిన మెడ నాది. దీనికేమైందీ? ఊరుకో."

ఎలాగో లైసెన్స్ వచ్చింది. కానీ ఎండలో తోలడం వేరు, మంచులో తోలడం వేరు. చలికాలంలో ఆయన్ని డయాలసిస్‌కి చేర్చాల్సింది నేనే. మా ఆడపడుచుకి వారమంతా ఆఫీసు, పైగా ఉండేది దూరం. ఒక్క రోజు తప్పినా ఒంట్లో నీరు చేరుతుందని, ఆ నీరు గుండె మీద పడుతుందని నర్సు చెప్పిన సంగతి ఆయనే నాకు తెలుగులో చెప్పారు.

ఆకులు రాలడం మొదలవగానే ఆయన పని మొదలుపెట్టారు. అప్పటికి ఆయనకి మనిషి ఆకారం తెలిసేది, మొహం తెలిసేది కాదు. మంచులో జారకుండా చలికాలానికి వేసే స్నో టైర్లు మా ఆడపడుచు గరాజులో ఉంటాయి. అవి ఇంకో చలికాలం పనికొస్తాయో లేదో చూడటానికి ఇక్కడ ఒక పద్ధతి ఉంది. టైరు గాడిలో పెన్నీ, అంటే ఒక్క సెంటు నాణేన్ని తలకిందులుగా దూర్చాలి. దాని మీది మనిషి బొమ్మ నడినెత్తి బయటికి కనిపిస్తే టైరు అరిగినట్టు. ఆయన నాణెం దూర్చి నన్ను చూడమన్నారు.

"నెత్తి కనపడుతోందా?"

"గెడ్డం కనపడుతోంది, ముక్కు కనపడుతోంది..."

"నేను పెళ్ళిచూపులకి పిలవలేదే. నెత్తి సంగతి చెప్పు."

"నెత్తి లోపలే ఉంది."

"అయితే ఢోకా లేదు." అని మళ్ళీ తనే ప్రతి గాడిలోనూ బొటనవేలు పెట్టి తడిమి చూసుకున్నారు.

టైర్లు మార్పించాక నాలుగింటికీ నాచేత బొట్టు పెట్టించారు. చలికి ముందుగా చచ్చేది బ్యాటరీయేనని, పాతది బాగానే పనిచేస్తున్నా కొత్తది వేయించారు. గడ్డకట్టని నీలం రంగు వైపర్ నీళ్ళు నాచేతే పోయించారు. తలుపులు మంచుకి అతుక్కుపోకుండా వాటి రబ్బర్లకి తనే మందు రాశారు. డిక్కీలో రెండు బియ్యం సంచుల నిండా ఇసుక పోసి పెట్టించారు. చక్రం తిరుగుతూ బండి కదలకపోతే దాని ముందు చల్లడానికి. ఒక పార, మంచు గీకే బద్ద, టార్చి, నా పాత చీరలతో కుట్టిన బొంత, ఆయనకి షుగరు పడిపోతే తినడానికి బిస్కెట్లు కూడా సర్దించారు.

"ఇప్పుడు కళ్ళు మూసుకుని పార తియ్యి."

"నేనెందుకు మూసుకోవాలి?"

"గాలివానలా మంచు కొడితే నీకూ నాకూ తేడా ఉండదు. తియ్యి."

తీశాను. బొంత తియ్యమన్నారు, తీశాను. టార్చికి బదులు బిస్కెట్ల డబ్బా చేతికొస్తే "ఆకలేస్తోందా?" అన్నారు. నాకు నవ్వొచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే ఆయన నావైపు కాకుండా పక్క బండి వైపు తిరిగి నవ్వుతున్నారు. నేను ఎటు నిలబడ్డానో ఆయనకి తెలియలేదు. నేను మెల్లగా జరిగి ఆయన చూస్తున్న వైపు నిలబడ్డాను.

రోజూ చెప్పినవే చెప్పేవారు. ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకు. బండి కప్పు మీద మంచు కూడా దులుపు, లేకపోతే అది జారి అద్దం మీద పడుతుంది. పొగగొట్టం చుట్టూ మంచు తీశాకే స్టార్ట్ చెయ్యి, లేకపోతే ఆ పొగ లోపలికొచ్చి ప్రాణం తీస్తుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే బండి దిగి నడవకు. బడిలో కూడా నేను ఇంత శ్రద్ధగా పాఠం వినలేదు.

మొదటి మంచు పడిన మర్నాడు ఖాళీగా ఉన్న గుడి పార్కింగ్‌కి తీసుకెళ్ళమన్నారు.

"కాస్త స్పీడు అందుకుని బ్రేక్ గట్టిగా తొక్కుతూ తిప్పు."

"జారిపోతుందండీ!"

"జారాలనేగా వచ్చింది."

తిప్పాను. బండి వెనక భాగం పక్కకి కొట్టుకుపోయింది. నేను గోవిందా గోవిందా అని అరిచాను.

"గోవిందుడికి లైసెన్స్ లేదు. నువ్వే తిప్పుకోవాలి. కాలు తీసెయ్యి. ఎటు పోవాలో అటు చూడు, అటే మెల్లగా తిప్పు."

చాలాసార్లు జారాక ఒకసారి నిలిచింది. తర్వాత మరోసారి. "వచ్చేసిందే నీకు," అన్నారు. కానీ ఆ సేపంతా ఆయన చెయ్యి తలుపు పైన ఉండే పిడిని వదల్లేదు. చూశాను గానీ పట్టించుకోలేదు.

జనవరిలో ఒక బుధవారం పెద్ద మంచు పడింది. నేను ముందే లేచి బండి మొత్తం దులిపి, పొగగొట్టం దగ్గర పారతో తీసి, చేతులు కొంకర్లు పోయి లోపలికొచ్చాను. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"సెంటర్ వాళ్ళు ఫోన్ చేశారు. ఇవాళ మూసేశారంట. నర్సులు కూడా రాలేకపోయారంట."

"మరి మీకు పరవాలేదా?"

"అందరికీ చెప్పారుగా. చేతులు కాచుకుని టీ పెట్టు."

నిజం చెప్పాలంటే నాకు కొంచెం హాయిగా అనిపించింది. ఆ రోడ్డు ఎక్కే పని తప్పింది.

గురువారం సాయంత్రం మంచు మీద వాన పడి రోడ్లు గాజులా గడ్డకట్టాయి. శుక్రవారం పొద్దున మళ్ళీ ఫోన్ మోగింది. ఆయన ఇంగ్లీషులో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశారు.

"ఇవాళ అక్కడ కరెంటు లేదంట. సోమవారం రమ్మన్నారు."

ఆ రోజుల్లో ఆయన నీళ్ళు గుక్కెడు గుక్కెడుగా తాగారు. అన్నం వద్దన్నారు. జలుబు చేసిందేమో అనుకున్నాను. శనివారం పొద్దునకి మొహం ఉబ్బింది. కాళ్ళు నొక్కితే వేలు దిగిపోయింది. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చున్నారు. నేను మా ఆడపడుచుకి ఫోన్ చేశాను. సెంటర్ వాళ్ళని అడిగి చెప్తానంది. కాసేపటికి మళ్ళీ చేసింది.

"వదినా, సెంటర్ ఎవరు మూశారు? రెండు రోజులూ తెరిచే ఉంది."

"మరి వాళ్ళే ఫోన్ చేశారుగా?"

"ఇంకా రాలేదేంటని చేశారు. ఇంట్లో బండి తోలేవాళ్ళు ఎవరూ లేరని చెప్పాడంట అన్నయ్య."

నేను ఆయన వైపు చూశాను. ఫోన్‌లో మాట ఆయనకీ వినిపించింది. తల దించుకున్నారు.

"వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్ళమంటున్నారు. అంబులెన్స్ పిలవనా?" అంది ఆడపడుచు.

"బండి తయారుగా ఉంది. నేను తీసుకెళ్తాను," అన్నాను.

తలుపు అతుక్కోలేదు. ఒక్క తిప్పుకే స్టార్ట్ అయింది. నీలం నీళ్ళు కొడితే అద్దం శుభ్రపడింది. ఆయన చేసినవన్నీ ఆయన చెప్పినట్టే పనిచేశాయి. ఆయన పక్క సీట్లో ముందుకు వంగి ఊపిరి లాగుతున్నారు. నాకు కోపంగా ఉంది, ఏడుపు వస్తోంది, రెండూ మింగుకుని మెల్లగా తోలాను. పెద్ద మలుపు దగ్గర వెనక చక్రాలు జారాయి. కాలు తీశాను. పోవాల్సిన వైపు చూశాను. బండి కుదురుకుంది. ఈసారి ఏ దేవుణ్ణీ పిలవలేదు.

హాస్పిటల్ గేటు కనపడ్డాక ఆయన అన్నారు, "బానే తోలుతున్నావే."

"ఇప్పుడు తెలిసిందా?" అన్నాను.

ఆ రోజే డయాలసిస్ చేశారు. ఊపిరి తేలికపడ్డాక మంచం పక్కన కూర్చుని అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు బయల్దేరతావని."

"బయల్దేరడానికేగా నేర్పారు?"

"నేర్పాను. రోడ్డు చూడలేనుగా నేను. నువ్వు తోలుతుంటే పక్కన గుడ్డివాడిలా కూర్చుని ఎటు పోతున్నామో తెలియక... లారీ తోలినన్నాళ్ళూ మంచులోనో బురదలోనో పడతానని ఒక్కసారీ భయపడలేదు. నువ్వు పడతావని భయమేసింది. ఒకటి రెండు రోజులు తట్టుకుంటాననుకున్నాను."

"ఇంట్లో తోలేవాళ్ళు ఎవరూ లేరని ఎలా అన్నారు?"

"ఉన్నారంటే రమ్మంటారు కదే."

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను. దెబ్బలాడాలని చాలా మాటలు పోగుచేసుకుని వచ్చాను. ఇకనుంచి ఫోన్ నేనే ఎత్తుతాను అని మాత్రం అన్నాను.

ఇంటికొచ్చాక ఆ చలికాలం ఒక్క డయాలసిస్ కూడా తప్పనివ్వలేదు. ఫోన్ నేనే ఎత్తడం నేర్చుకున్నాను. "కమింగ్, కమింగ్" అని పెట్టేసేదాన్ని. మంచు పడినా, గడ్డకట్టినా తోలాను. దారిలో ఎడమ పక్క ఏముందో, సిగ్నల్ ఎర్రగా ఉందో పచ్చగా ఉందో, ముందు బండి ఎంత దూరంలో ఉందో అన్నీ పైకి చెప్తూ తోలేదాన్ని. అలా చెప్తుంటే ఆయన చెయ్యి పిడి వదిలి ఒళ్ళోకి వచ్చేది. కొన్నిసార్లు నిద్ర కూడా పోయేవారు.

మంచు కరిగి రోడ్లు పొడిగా ఉన్న రోజుల్లో ఆయన పోయారు. గుండె ఆగిపోయింది. నేను జారిపోతానని అంత భయపడిన మనిషి, జారే రోడ్డు లేని రోజున పోయారు.

డాక్టర్ నాతో చాలాసేపు మాట్లాడారు. మా ఆడపడుచు పక్కన నిలబడి తెలుగులో చెప్పింది. గుండె ముందునుంచే బలహీనంగా ఉందని, ఎవరూ ఏమీ చేయగలిగేది లేదని. ఇంకా ఏమైనా అడగాలా వదినా అంది. ఒకటి అడగాలని ఉంది. ఆ బుధవారం, ఆ శుక్రవారం డయాలసిస్ మానకుండా ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవారా అని. ఆయన చెల్లెలి ముందు ఆ మాట నోటికి రాలేదు. ఏం లేదమ్మా అన్నాను. ఇప్పుడు అడగాలంటే అడగొచ్చు. అవునంటే ఏం చేసుకోవాలో తెలియక అడగలేదు.

నేను చెప్పగలిగింది ఇంతే. ఎక్కడైనా అక్షరం పోయినా, చెప్పాల్సినది సరిగా చెప్పలేకపోయినా, మీ ఇంట్లో పెద్ద చదువు లేని ఆడమనిషి రాసిందనుకుని మన్నించండి.