లైబ్రరీ స్లాబు మీద వాటం

మా బాపు మేస్త్రి. సాతంరాయి చుట్టుపక్కల ఆయన తాపి పడని ఇల్లు తక్కువ. విమానాశ్రయం తెరిచినంక మా దిక్కు ఒక యూనివర్సిటీ లేచింది. దాని లైబ్రరీకి స్లాబు పోసింది మా బాపే. నేను డిగ్రీ అయినంక అదే సైటు ఆఫీసుల కూలోళ్ల హాజరు రాసేదాన్ని. లైబ్రరీ తయారైతే పుస్తకాలిచ్చే కౌంటర్ల కొలువు నాకే ఇప్పిస్తనని ఇంజనీరు మాటిచ్చిండు.

ఆ బిల్డింగు చూస్తే నాకు మొదటినుంచి గుబులే. నాలుగు దిక్కుల అద్దాలు, చూరు లేదు, సజ్జ లేదు. పైన బల్లపరుపు స్లాబు, దాని నడుమ వెలుతురుకని పెద్ద సందు ఇడిచి అద్దం పెడతరట. మా ఎండలు, మా వానలు ఎరగనోడు గీసిండు.

స్లాబు గట్టిపడనీకి బాపు దానిమీద పొలంల లెక్క మట్టితోని మళ్లు కట్టి నీళ్లు నిలిపిండు. మళ్లు తెంపిన నాడు నీళ్లు అంచులకున్న వాన గొట్టాల దిక్కు పోలే, నడుమ సందు దిక్కు పారినయి.

"వాటం తప్పింది బిడ్డా. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు," అన్నడు.

ఇంజనీరుకు చెప్తే, డ్రాయింగుల గట్లనే ఉంది, నీ పని నువ్వు చూస్కో అన్నడట. యూనివర్సిటీ పెద్ద సారుకే చెప్తనని బాపు తువ్వాల భుజానేసుకున్నడు. నేనే ఆపిన.

"జర ఊకో బాపు. ఇంజనీరుకు కోపమొస్తే నా కొలువు పోతది."

తువ్వాల తీసి దండెం మీదేసిండు.

కొలువొచ్చింది. రెండో వానకాలం ముసురు పట్టి, రీడింగు హాల్ల నీళ్లు కారినయి. పుస్తకాలు ఉబ్బి అట్టలూడినయి. నేను బకెట్లు పెడుతుంటే పెద్ద సారు వచ్చిండు, ఎనక ఇంజనీరు.

"ఈ స్లాబు పోసిన మేస్త్రి ఎవడు?"

ఇంజనీరు నా దిక్కు చూసిండు.

"ఎవరో బయటోళ్లు సార్, నాకు తెల్వదు," అన్న.

తలెత్తితే తలుపు కాడ బాపు. ముసురు చూసి, ఎవరు పిలువకుండనే తాపి, సిమెంటు గమేళ పట్టుకొని వచ్చిండు. నేల ఖరాబైతదని చెప్పులు చేతుల పట్టుకున్నడు. నేనన్న మాట ఇన్నడు.

"ఈయనెవరు?" అన్నడు పెద్ద సారు.

నేను బకెటు సర్దనీకి వంగిన. బాపే చెప్పిండు.

"రిపేరుకొచ్చిన సార్. మొదాలు చేసినోడెవడో పని సక్కగ చెయ్యలే."

వాన తెరపిచ్చినంక మూడు దినాలు ఒక్కడే స్లాబు మీద కూసొని వాటం సక్కజేసిండు. ఇప్పటికీ అక్కడ చుక్క కారదు.

ఇంటికొచ్చి తిడతడనుకున్న. తిట్టినా బాగుండు. అన్నం కాడ కూసొని, "నీ పుస్తకాలు ఎండినయా బిడ్డా?" అని అడిగిండు.