నేను మేపి పాడుచేసిన బూజు

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో బూజు పెంచడమే నా పని. ఇంట్లో ఆవకాయ జాడీల మీద పెరిగేది చాలదా అని మా అమ్మ ఎగతాళి చేసేది. నిజానికి అది పరిశోధన. నా బూజు పీచును కరిగించే ఎంజైమును తయారుచేస్తుంది. చక్కెర దొరికినంతసేపూ హాయిగా పెరుగుతుందే తప్ప ఎంజైము ఊసెత్తదు. చక్కెర ఆపి, నత్రజని తగ్గించి, ఉత్త కాగితపు గుజ్జు మీద ఉంచితే దారికొస్తుంది. దాన్ని ఎంత మాడిస్తే ఎంత ఎంజైము ఇస్తుందన్నదే నా థీసిస్.

మొదటి రెండేళ్ళూ అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. ఫెలోషిప్ ఇంకో ఆర్నెల్లలో అయిపోతుందనగా, మళ్ళీ ఒకసారి చేసి చూపించమన్నారు గైడు గారు. చేశాను. ఎంజైము రాలేదు. నీళ్ళు మార్చాను, ఫ్లాస్కులు మార్చాను, కరెంటు కోతల్నీ పోర్టు నుంచి వచ్చే ఎర్రదుమ్మునీ తిట్టాను. నాలుగు నెలలు అలాగే పోయాయి.

చివరికి గైడు గారు నేను బూజును దాచే గాజు గొట్టాన్ని వెలుతురులో పెట్టి చూశారు.

"ఇంత తెల్లగా, దూదిలా ఉందేమిటయ్యా? దేనిమీద దాచావు?"

"బంగాళాదుంప, చక్కెర మీదండీ. నెలకోసారి బాగా పెరిగిన గొట్టం నుంచి కొత్తదానికి మార్చాను."

"మొదటి గొట్టాలేవి?"

కడిగేశాను. చచ్చిపోతుందేమోనన్న భయంతో ప్రయోగాల మధ్య దాన్ని బాగా మేపాను. ప్రతినెలా ఏపుగా ఉన్నదాన్నే ఎంచుకున్నాను. అలా పెరుగుతున్నది ఎంజైము మానేసిన సంతతేనని నాకు తట్టలేదు. ఆకలి మీద థీసిస్ రాస్తూ నేను చేసిన ఘనకార్యం ఇది. నా మీద నాకే అసహ్యమేసింది.

"ఎక్కడ దొరికిందో అక్కడికే పో" అన్నారాయన. బూజులు ఎక్కడైనా దొరుకుతాయి. కానీ నా రెండేళ్ళ అంకెలు ఈ బూజువి.

అది దొరికింది జాలరిపేటలో, కుళ్ళిన నూలు వల మీద. ఆ వల ఇచ్చిన పెద్దాయన నన్ను గుర్తుపట్టాడు. ఇసుకలో పచ్చటి వల పరిచి కూర్చున్నాడు.

"నూలు వలలేటి బాబూ ఇంకా? అన్నీ నైలాన్లే. పేటంతా ఎతికినా దొరకదు. పాతయి పొయ్యిలో ఎట్టీసినాం."

వల అంచు తీసి నా చేతిలో పెట్టాడు. "సూడు. ఏడాది నుంచీ ఉప్పునీళ్ళలో నానతంది, ఒక్క పోగు కుళ్ళలేదు. మా అయ్యా, నానూ బతుకంతా ఆ కుళ్ళుతోనే సచ్చినాం. పీడ పోయింది."

అంత సంతోషంగా ఉన్న మనిషికి నా గోడు ఏం చెప్పను? మంచిదే పెద్దయ్యా అన్నాను. బస్సెక్కాక ఏడుపొచ్చింది. యూనివర్సిటీ స్టాపు వచ్చింది. కండక్టరు రెండుసార్లు కేకేసినా నేను దిగలేదు.