అత్తమ్మ తలకు ద్రాక్ష రంగు

నాకు ముక్కు మీద కోపం. ఆత్మకూరు బజారులో మా కిరాణా కొట్టుకు వచ్చేవాళ్ళు కూడా ముందు నా ముఖం చూసి, ఆ తర్వాతే బేరం మొదలుపెడతారు. ఆ కోపంలోనే మొన్న వేసవిలో మా అత్తమ్మ తలకు జ్యూస్ పొడితో రంగు వేశాను. మీకు నవ్వొస్తుందేమో. నాకు మాత్రం అది గుర్తొస్తే ముద్ద దిగదు.

మా అత్తమ్మ పుట్టిల్లు ఉదయగిరి. కోట కొండ కింద, చెక్క గరిటెలు చెక్కేవాళ్ళ ఇళ్ళకు దగ్గర్లోనే. కాపురానికి వచ్చి ఇన్నేళ్ళయినా మా వంటింట్లో గరిటెలన్నీ ఆ ఊరివే ఉండాలి. స్టీలు గరిటె పెడితే కూర రుచి చెడుతుందంటుంది. అంతకు మించిన పట్టింపు ఒకటుంది ఆమెకు, జుట్టు. వయసులో ఉన్నప్పుడు మోకాళ్ళ దాకా జడ ఉండేదట. ఉదయగిరిలో పెద్దజడ పిల్ల అంటే తెలియనివాళ్ళు లేరట. వెంట్రుక తెల్లబడినప్పటి నుంచి నెలనెలా పాకెట్ రంగు తెప్పించుకుని వేసుకునేది. పోయినేడు ఆ రంగు పడక నెత్తి పొక్కిపోయి, కళ్ళు మూసుకుపోయేంతగా వాచిపోతే నెల్లూరుకు తీసుకుపోయాం. ఇంకోసారి ఆ రంగు జోలికి పోతే ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పి పంపాడు. ఆమె రంగు మానేసింది. దాంతోపాటు గడప దాటడం కూడా మానేసింది.

పైగా రెండు కళ్ళలోనూ శుక్లాలు, అవి ముదిరేదాకా కొట్లో బేరాలన్నీ ఆమే చూసుకునేది. ఆపరేషన్ ఎండలు తగ్గాక చేయిద్దామనుకున్నాం. చూపు సరిగా లేదు కాబట్టి ఆమెకు నేనే అద్దం. బొట్టు నడిమధ్యన ఉందా, ఈ చీరకు ఈ రవిక నప్పిందా, అన్నీ నన్నే అడిగేది. నేను పని ఆపకుండానే బాగుందత్తమ్మా అనేదాన్ని. ఒక్కోసారి తలెత్తి చూడకుండానే.

అంతలో ఉదయగిరిలో ఆమె అన్న మనవడి పెళ్ళి వచ్చింది. ఆ అన్న మంచంలో ఉన్నాడు. చెల్లెలిని చూడాలని రోజూ ఫోన్ చేయిస్తున్నాడు. ఈమెకూ ప్రాణం కొట్టుకుంటోంది. కానీ తెల్లతలతో మాత్రం ఆ ఊళ్ళో అడుగుపెట్టనంటుంది. పోనీ గోరింటాకు పెడతానంటే, ఎర్రగా కోతిబొచ్చు మాదిరి ఉంటాదని కసిరింది. పొద్దున లేచింది మొదలు అదే పాట. కొట్టు చూసుకోనా, పొయ్యి చూసుకోనా, ఈమె తల చూసుకోనా? నాకు ఒళ్ళు మండిపోయేది.

మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. అది ఫోన్‌లో ఏదో వీడియో చూసి, నీళ్ళలో కలుపుకుని తాగే జ్యూస్ పొడిని కండిషనర్‌లో కలిపి జడ కొసలకు పూసుకుంది. నల్లటి జుట్టు మీద ఏం కనబడుతుంది, నా తలకాయ. రంగు రాలేదు గానీ పొద్దునకు దిండు నిండా చీమలు. వీపు విమానం మోత మోగిద్దామని పోతే, అది తప్పించుకుంటూ, తెల్లజుట్టుకైతే ఈ రంగు భలే పడుతుందంట, అవ్వకు వేసి చూడమంది.

ఆ మాట నా బుర్రకెక్కింది. ఎందుకంటే కొట్టు అటక మీద అంతకు ముందటి వేసవిలో అమ్ముడుపోని జ్యూస్ పొడి పాకెట్లు డబ్బాల కొద్దీ ఉన్నాయి. ద్రాక్ష, నారింజ. తేదీ దాటిపోయాయి. అమ్మకూడదు, అలాగని పారేయడానికి చేతులు రావు. మా వ్యాపారస్తుల ఇళ్ళల్లో ఇదొక జబ్బు. పురుగు పట్టిన పప్పును ఎండబెడతాం, చెమ్మగిల్లిన బెల్లాన్ని పాకం పడతాం, సరుకు కుప్పతొట్టిలో పడిందంటే ఆ రోజు అన్నం సయించదు. ఇంకెవరైనా అయితే ఆ డాక్టరునే అడిగి, ఒంటికి పడే రంగు ఏదో కొనుక్కొచ్చేవాళ్ళు. నాకు అటక గుర్తొచ్చింది. తాగే వస్తువే కదా, నెత్తి పొక్కదు. సరుకూ చెల్లుతుంది, ముసలామె గోలా తీరుతుంది.

పెళ్ళికి ముందురోజు ద్రాక్ష పొడి, నారింజ పొడి, ఇంత కాఫీ పొడి వేసి, ఆమె ఉదయగిరి గరిటెతోనే గిన్నెలో చిక్కగా కలిపాను. ఆ మూడూ కలిస్తే నలుపుకు దగ్గరగా వస్తుందని మా అమ్మాయి లెక్క. అత్తమ్మను పెరట్లో పీట మీద కూర్చోబెట్టి తలంతా పట్టించాను. ఇదేం వాసన అని అడిగింది. రంగు పడనివాళ్ళ కోసం కొత్తగా వచ్చిన ఆకు పొడి అన్నాను. అబద్ధం ఎంత సాఫీగా వచ్చిందో నోట్లోంచి.

తల కడిగి ఎండలోకి తెచ్చి చూస్తే ఏముంది! నేరేడు పండు రంగు. నీడలో అయితే ఏదో నలుపని సరిపెట్టుకోవచ్చు. ఎండలో అచ్చం నేరేడు పండే. ఆమె చేతి అద్దాన్ని ముక్కుకు ఆనించుకుని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏమీ ఆనలేదు. నా వైపు తిరిగింది.

"నల్లగా వచ్చిందా?"

"నల్లగా వచ్చింది అత్తమ్మా."

ఆమె ముఖం విప్పారింది. అప్పుడే నిజం చెప్పి ఉంటే సరిపోయేది. చెబితే ప్రయాణం మానుకుంటుంది, మంచంలో ఉన్న మనిషికి చెల్లెలి చూపు దక్కదు అని నాకు నేను చెప్పుకున్నాను. అదంతా సాకు. ఆ గోల మళ్ళీ మొదలైతే వినే ఓపిక నాకు లేదు, అదీ అసలు సంగతి. మా ఆయన చూసి నోరు తెరవబోతే కళ్ళు ఉరిమాను. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

పెళ్ళిరోజు కారు వచ్చి నిలబడ్డాక చూస్తే, నుదుటి దగ్గర వెంట్రుకలు కొన్ని తెల్లగానే మిగిలిపోయి ఉన్నాయి. గిన్నెలో అడుగున మిగిలిన ముద్దను అక్కడ దట్టంగా పూసి దువ్వేశాను. కడగడానికి టైం లేదు. ఆరితే అదే పట్టుకుంటుందిలే అనుకున్నాను.

ముందు అన్న దగ్గరికి తీసుకుపోయారు. ఆ గదిలో వెలుతురు తక్కువ. ఆయన చెయ్యి ఆమె తల మీద పెట్టి, నీ జుట్టు మాత్రం అట్టనే ఉండాదే అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు. నేను గోడవైపు తిరిగి నిలబడ్డాను.

కల్యాణ మండపంలో మాత్రం నా పని అయిపోయింది. ఉదయగిరి ఎండ సంగతి తెలిసిందే, ఆ కొండ రాళ్ళ సెగంతా ఊరి మీదే. ఫ్యాన్లు తిరుగుతున్న చప్పుడే తప్ప గాలి లేదు. పెళ్ళికొడుకు తాతకు చెల్లెలు కాబట్టి ఈమెను ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు పైట నోటికి అడ్డం పెట్టుకున్నారు. పిల్లలు వేళ్ళు చూపించి పరుగెత్తారు. నేను పక్కన కూర్చుని, దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ ఏమీ అనొద్దని కళ్ళతోనే మొక్కుకున్నాను. ఆమేమో పలకరించిన వాళ్ళందరికీ, రంగు మా కోడలే వేసిందని చెప్పుకుంటోంది. చెప్పిన ప్రతిసారీ నాకు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఇంతలో చెమట మొదలైంది. నుదుటి మీది ముద్ద కరిగి, ఊదారంగు చార ఒకటి చెంప మీదుగా పెదవి దాకా జారింది. ఇంకోటి మెడ వెనక నుంచి మీగడ రంగు పట్టు రవిక మీదికి దిగింది. ఎక్కడి నుంచి వచ్చిందో చెవి పక్కన ఒక చీమ. నేను చేతిరుమాలుతో తుడిచీ తుడవకముందే మళ్ళీ కారుతోంది. పౌడరు కారుతోందత్తమ్మా అన్నాను. ఆమె పెదాలు తడుపుకుని, కాసేపు నా వైపే చూసింది. దాహమేమోనని గ్లాసు అందించాను. నీళ్ళు తాగింది. తాళి కట్టేదాకా అదే కుర్చీలో, వెన్ను వాల్చకుండా కూర్చుంది. ఆ తర్వాత పలకరించిన వాళ్ళకు, రంగు మా కోడలే వేసిందని ఇంకాస్త గట్టిగా చెప్పింది.

ఆ రంగు నాలుగు తలంట్లకు వెలిసిపోయి మళ్ళీ తెలుపు తేలింది. వానలు పడ్డాక కంటి ఆపరేషన్లు అయ్యాయి. చూపు బాగా వచ్చింది. గోడ మీద క్యాలెండర్‌లో అంకెలు చదివి చిన్నపిల్లలా సంబరపడింది. పెళ్ళి ఫోటోలు చూపించమని అడిగితే ఫోన్ పాడైందని చెప్పి నెట్టుకొచ్చాను. ఒకరోజు నేను కొట్లో ఉన్నప్పుడు మా అమ్మాయి దగ్గర తీసుకుని చూసేసింది. లోపలికి వచ్చేసరికి ఫోన్ ఆమె ఒళ్ళో ఉంది. ముందు వరసలో ఊదా తల, దాని పక్కన రుమాలు పట్టుకున్న నా చెయ్యి.

క్షమించమని అడగబోయాను. అంతలో ఆమే అంది.

"కండ్లు పోతే నాలిక కూడా పోయిందనుకున్నావా? చెమట నోట్లోకి కారింది. తియ్యగా ఉన్నింది. ఈ అంగట్లో ద్రాక్ష పొడి నేనమ్మినంత నువ్వమ్మినావా?"

నాకు తల కొట్టేసినట్టయింది. అంటే ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలుసు. తెలిసీ లేచి రాకుండా, అందరికీ నా పేరు ఎందుకు చెప్పుకున్నావని అడిగాను.

"నేను లేచి తల కడుక్కొని ఉంటే, గుడ్డి అత్తను కోడలు ఆడించిందని ఊరంతా నిన్ను అనేది. నేనే ముచ్చటపడి ఏయించుకున్నానంటే, ముసల్దానికి షోకు అని నన్ను నవ్వుతారు. నవ్వనీ, అది నా పుట్టినూరు."

తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలనేదాన్ని, అక్కడితో పోయేది. ఫోన్ నా చేతికిచ్చి లేచి వెళ్ళిపోయింది.

అప్పటి నుంచి ఇంట్లో అన్నీ మామూలే. వండింది తింటుంది, కొట్లో చిల్లర అందిస్తుంది, నా కోపానికి ఎప్పటిలాగే నవ్వుతుంది. పోయిన వారం అన్నకు బాగాలేదని కబురొస్తే ఉదయగిరికి బయలుదేరింది, తెల్లతలతోనే. అద్దం ముందు తనే నిలబడి బొట్టు పెట్టుకుంది, కొంగు సర్దుకుంది. ఒక్కమాట అడగకపోతుందా అని నేను చేతిలో పని వదిలేసి గుమ్మంలో నిలబడ్డాను. బాగుందత్తమ్మా అని చెప్పడానికి, ఈసారి నిజంగానే చూసి చెప్పడానికి. ఆమె చెప్పులు వేసుకుని, పోయొస్తానని చెప్పి బస్టాండు వైపు నడిచింది.